తిత్తిలో చిల్లు పూడింది

నారిన్ పట్నం

అమ్మా, మీ కొండ మీద ఫోను పలకదని ఈ కార్డు. నేను కులాసా.

తాతయ్య మడత కెమెరా గురించి బెంగపడకు, బాగుచేశాను. పోయిన రీలంతా తెల్లచారలు పడ్డాయి కదా! చీకటి గదిలో దాని ముందున్న మడతల తోలు తిత్తి లోపల టార్చి పెట్టి చూస్తే, మడత మూల సూదిమొనంత చిల్లు కనిపించింది. నల్లరంగు కలిపిన జిగురు పూసి, ఆరేదాకా మూయకుండా ఉంచాను.

ఇంతలో ఎదురింటి అసిల్‌కాన్ అవ్వ తన ముసలాయనను వెంటబెట్టుకుని వచ్చింది. తుర్దుబెక్ తాత గుండె ఆపరేషన్‌కు బిష్కెక్ వెళ్తున్నాడు. ఇద్దరూ కలిసి ఎప్పుడూ ఫొటో దిగలేదట. జిగురు ఆరాక కొత్త రీలు ఎక్కించి, "తాతా, కదలకు" అన్నాను.

"దీని పక్కన కదిలే ధైర్యం నాకెప్పుడుందే!" అన్నాడు.

అవ్వ పకపకా నవ్వింది. మీట నొక్కేశాను. కడిగి చూస్తే ఒక్క చార లేదు. తాత ఆ ఫొటో జేబులో పెట్టుకునే బండెక్కాడు. గండం గడిచిందని నిన్న కబురొచ్చింది.

గుర్రం ఈనిందా? నాన్న మోకాలినొప్పి తగ్గిందా? ఇటొచ్చే బండి డ్రైవరు చేత ఎండు పెరుగుండలు పంపు. నానమ్మకు నా దండాలు.

మీ ఇద్దరి ఫొటో ఇంట్లో ఎంత వెతికినా దొరకలేదు. వచ్చే వారం కెమెరాతో వస్తున్నాను, నాన్నను గడ్డం గీసుకోమను.

నీ జిబేక్