మా ఇంటి తరఫున

జిల్లా ఆరోగ్యశాఖ అధికారి గారికి,

మండపేట పక్క పల్లె నుంచి ఒక రైతు భార్య నమస్కారాలండి.

జులైలో మా ఊళ్ళో ఆడవాళ్ళకు క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. సరిగ్గా నాట్ల రోజుల్లో పెట్టమని మీకెవరు చెప్పారో తెలియదు. ఆటోలో మైకు పెట్టి అంతగా పిలిచాక వెళ్ళకపోతే బాగోదు కదండీ. పెళ్ళి భోజనానికి పంపినట్టే, ఇంటికొకరు చాలనుకుని మా అత్తగారు శ్యామలాంబ గారికి పట్టుచీర కట్టించి పంపాం. ఆవిడ నా పేరు చెప్పి పరీక్ష చేయించుకున్నారు. కాసేపాగి పక్కింటి సూర్యకళ పేరు చెప్పి మళ్ళీ వెళ్ళారు.

"ఇందాక వచ్చారు కదండీ?" అన్నారట డాక్టరమ్మ గారు.

"అది మా ఇంటి తరఫునండి. ఇది పక్కింటి తరఫున," అన్నారట ఈవిడ.

వెనక జనం తోసుకుంటున్నారని డాక్టరమ్మ గారు మళ్ళీ పరీక్ష చేసేశారట. నాకూ, సూర్యకళకూ ఏ జబ్బూ లేదని రిపోర్టులొచ్చాయి. అందరం సంతోషించాం.

ఇప్పుడు నా రొమ్ములో గడ్డ తగులుతోంది. ఆసుపత్రికి వెళితే, "మీకేం లేదని ఉందండీ. మీ వంతు మళ్ళీ మూడేళ్ళకే," అంటున్నారు. గడ్డ చూడమంటే రిపోర్టు చూస్తున్నారు.

ఆ ఆరోగ్యం మా అత్తగారిదండి. అది ఆవిడ పేరుకు మార్చి, నా వంతు నాకిప్పించండి. ఇంకో మాట. నాకు కోతల పని ఉందని, మీరు పిలిస్తే ఈసారీ తనే వస్తానంటున్నారు ఆవిడ. దయచేసి నన్నే రమ్మని రాయండి.

ఇట్లు,
శ్యామలాంబ గారి కోడలు