నీ వెనక కుర్చీ

మార్చి 2

సిర్కో, నా చిన్ని సిర్కో,

నీకు నలభై అయిదేళ్ళు. పేపర్లో నీ పేరు ముందు ఏవేవో గౌరవాలు తగిలించి రాస్తారు. అయినా నాకు వేరే పిలుపు నోటికి రాదు. ఫోన్లో చెబుదామంటే అక్కడ నువ్వే మాట్లాడతావు, నేను వింటాను. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు. మూడో తరగతి చదువు నాది, తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నువ్వు అడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తాను. నేను రాను. సెనేట్ కమిటీ నిన్ను ప్రశ్నలడిగే రోజున నీ వెనక కుర్చీలో నేను కూర్చోను. పెద్ద పదవికి సర్కారు పేరు పంపినవాడి వెనక ఇంటివాళ్ళు వరసగా కూర్చోవాలని, నువ్వు వెనక్కి తిరిగి "ఈవిడ మా అమ్మ" అని సెనేటర్లకి చూపించాలని, అది అక్కడి ఆచారమని చెప్పావు. మంచి ఆచారమే. కానీ తమ్ముడి ఫోటో ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను.

ఊళ్ళో నీ గురించి రోజూ గొడవే. గని కార్మికుల హాల్లో నీ ఫోటో గోడకి ఉంది. సగంమంది దాన్ని చూసి టోపీ తీస్తారు, సగంమంది మొహం తిప్పుకుంటారు. పక్కింటి జోఫియా నోరు నీకు తెలుసుగా. నిన్న కంచె మీంచి అంటుంది: "ఏమే అగాతా, నీ పెద్దాడు ఏ దేశం వెళ్తే ఆ దేశం తగలబడుతుంది, వాడికి మాత్రం పదవి పెరుగుతుంది. ఏం మంత్రం వేసి కన్నావే?" "నీ కొడుకులాగా సారా కొట్టు ముందు పడి ఉండట్లేదు కదే" అన్నాను. అన్నానే గానీ, లోపలికొచ్చి సర్కారు నిన్ను పంపిన దేశాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ముందు వియత్నాం, తర్వాత ఆ ఎడారి దేశం, ఇప్పుడు దక్షిణాన ఈ చిన్న దేశం. శాన్ తెల్మో అనే ఊళ్ళో సైనికులు జనాన్ని చంపేశారని అందరూ మొత్తుకుంటుంటే, "అక్కడ జనమే లేరు, తిరుగుబాటువాళ్ళే ఉన్నారు" అని నువ్వు నివేదిక రాశావు, టీవీలోనూ అదే చెప్పావు. ఆ మాట వినగానే నా చేతిలో సూది జారిపోయింది. ఎందుకో చెప్తాను. పదిహేనేళ్ళుగా నీకు చెప్పనిది ఇది.

నీ తమ్ముడు మెతో చనిపోవడానికి తొమ్మిది రోజుల ముందు వియత్నాం నుంచి నాకు ఉత్తరం రాశాడు. నీకు చూపించలేదు. చర్చికి వేసుకెళ్ళే కోటు అస్తరు విప్పి, లోపల పెట్టి, మళ్ళీ కుట్టేశాను. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు చొక్కా కాలర్లు కుట్టిన చెయ్యి, కుట్టు ఎవరికీ కనపడలేదు. వాడి శవపేటిక ముందు నువ్వు ఏడుస్తుంటే ఆ కోటు వేసుకునే నీ పక్కన నిలబడ్డాను.

వాడు రాసింది ఇది: "అమ్మా, ఇక్కడో ఊరి మీదికి మమ్మల్ని పంపారు. ఊళ్ళో మామూలు జనం లేరు, శత్రువులే ఉన్నారని కాగితం వచ్చింది. కింద సంతకం అన్నయ్యది. వాడి రాత నాకు తెలీదా! ఫిరంగులు ఆగాక లోపలికి వెళ్ళాం. ముసలాళ్ళూ పిల్లలూనే అమ్మా. ఒకావిడ నీలాగే తలకి గుడ్డ కట్టుకుంది. అన్నయ్యకి చెప్పకు, తట్టుకోలేడు. ఎవరో చెప్తే నమ్మి రాసుంటాడు. ఇంకెప్పుడూ చూడకుండా సంతకం పెట్టొద్దని మాత్రం ఎలాగోలా చెప్పు."

చెప్పలేదు నేను. వాణ్ణి మట్టిలో పెట్టాక మిగిలింది నువ్వొక్కడివి. నువ్వు కూడా విరిగిపోతావేమోనని భయం. నువ్వేమో ప్రతి ఉపన్యాసంలో "నా తమ్ముడు ఇందుకోసమే ప్రాణమిచ్చాడు" అంటావు. జనం లేచి చప్పట్లు కొడతారు. నేను టీవీ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.

మొన్న ఒక విలేకరి వచ్చాడు. "అమ్మగారూ, మీ చిన్నబ్బాయి రాసిన ఉత్తరాలేమైనా ఉన్నాయా?" అన్నాడు. "ఉన్నాయి బాబూ, చీపురు కూడా ఉంది. ఏది ముందు తెమ్మంటావు?" అన్నాను. మెట్లు దిగి పోయాడు. కాబట్టి భయపడకు, నేనెవరికీ ఇవ్వను. వాడి ఉత్తరం, అసలుదే, ఇందులో పెట్టాను. ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఒక్కటే అడుగుతున్నాను. శాన్ తెల్మో సంగతి వాళ్ళు అడిగినప్పుడు మళ్ళీ "జనం లేరు" అనేటట్టయితే, ఆ గదిలో మెతో పేరు ఎత్తకు.

నీ అమ్మ,
అగాతా


మార్చి 9

సిర్కో,

ఉత్తరం చేరిందని నీ భార్య ఫోన్ చేస్తే తెలిసింది. "అత్తయ్యా, ఆయన గదిలోంచి బయటికి రావట్లేదు. ఏం రాశారు మీరు? ఆ రోజు కుర్చీ ఖాళీగా ఉంటే టీవీవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. "మీ అమ్మగార్ని కూర్చోబెట్టు కాన్‌స్టెన్స్, ఆవిడ టోపీలు బావుంటాయి" అన్నాను. పెద్దింటి పిల్ల, అయినా నవ్వింది. నవ్వి ఏడ్చింది. "నిజంగా ఆ ఊళ్ళో జనం ఉన్నారా అత్తయ్యా?" అంది. "నన్నడుగుతావేమే, వాడి పక్కన ఉండేదానివి నువ్వు" అన్నాను.

నీ దగ్గర్నుంచి మాత్రం ఒక్క ముక్క లేదు. ఒకణ్ణి యుద్ధం తీసుకుపోయింది, రెండోవాణ్ణి నా చేతిరాతతో నేనే పోగొట్టుకున్నానా అని గుబులుగా ఉంది. చర్చిలో ఫాదర్ ఎమెరిక్‌కి చెప్పుకున్నాను. "చెప్పడం పాపం కాదు అగాతా. ఇన్నాళ్ళు చెప్పకపోవడం సంగతి ఆలోచించు" అన్నాడు. ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి స్టవ్ తుడుస్తుంటే నిజమేననిపించింది. ఆ కాగితం నీకు అప్పుడే పంపి ఉంటే, శాన్ తెల్మో గురించి రాసేటప్పుడు నీ చెయ్యి ఆగేదేమో. ఆ తప్పులో నా పాలు కూడా ఉంది నాయనా. నేనూ ఒక ఊరిని దాచిపెట్టినదాన్నే.

నువ్వక్కడ ఏం చెప్పినా నా కొడుకువే. తలుపు గడియ పెట్టను. కానీ రాను.

అమ్మ


మార్చి 19

సిర్కో, నా బంగారు తండ్రీ,

రానన్నాను కదా, వచ్చాను. జోఫియా చేసిన పని. "కుర్చీలో కూర్చోనన్నావు సరే, గోడకి ఆనుకుని నిలబడొద్దని ఎవరన్నారే? కొడుకు ఉరికంబం ఎక్కుతున్నా తల్లి అక్కడ ఉండాలి" అని కోటు తెచ్చి నా భుజాల మీద వేసి బస్సెక్కించింది.

ఆ భవనం బయట మామూలు జనానికి వేరే వరస. అందరూ కాలేజీ పిల్లలే. నీ పేరు కింద 'అబద్ధాలకోరు' అని రాసిన అట్టలు పట్టుకున్నారు. ఒక పిల్ల నా వాచిన కాళ్ళు చూసి, "మామ్మగారూ, నా ముందుకి రండి. ఇంత దూరం వచ్చారు, మీకూ వాడంటే అంత మంటా?" అంది. "మంట లేకేం తల్లీ, కన్నది నేనే" అన్నాను. పాపం, ఆ పిల్ల అట్ట తీసి వెనక దాచుకుంది. "పట్టుకోవే పిల్లా, ఈవిడకి అంత పెద్ద మాట చదవడం రాదులే" అంది జోఫియా.

చివరి వరసలో కూర్చున్నాం. నీ వెనక కాన్‌స్టెన్స్, ఆమె పక్కన ఖాళీ కుర్చీ. నువ్వు వెనక్కి తిరిగి, "ఈమె నా భార్య. మా అమ్మ రాలేదు" అన్నావు. అంతే. తమ్ముడి పేరు ఎత్తలేదు. అప్పుడే నాకు సగం ఊపిరి వచ్చింది.

తెల్లజుట్టు సెనేటర్ అడిగాడు: "శాన్ తెల్మోలో జనం ఉన్నారా, లేరా?" నీ పక్కనున్న లాయరు ఏదో కాగితం నీ ముందుకి జరిపాడు. నువ్వు దాన్ని వెనక్కి జరిపావు. "ఉన్నారు" అన్నావు. "ఉన్నారని నాకు తెలుసు. లేరని రాశాను." "ఏమన్నారు?" అని ఆయన మళ్ళీ అడిగాడు. చెవుడు కాదు, నమ్మలేక. నువ్వు గొంతు పెంచకుండా అన్నావు: "అలా రాయడం నాకది మొదటిసారి కాదు. మొదటిసారి చూడకుండా రాశాను. ఈసారి తెలిసే రాశాను."

గదంతా లేచిపోయింది. కేకలు, కెమెరాలు. నా ముందు వరసలో ఆ పిల్ల మొహం కప్పుకుని ఏడుస్తోంది. జోఫియా నా మోచెయ్యి పట్టుకుని, "ఒసేయ్, నీ కొడుకు కొంప ముంచుకున్నాడే!" అంది. "ముంచుకోనీవే" అన్నాను. బిగుతు కాలరు బొత్తాం తీసినట్టు అయింది నాకు. నవ్వొచ్చింది సిర్కో. అంతమంది మధ్య, అలాంటి మాట విన్నాక, నవ్వొచ్చింది. చేత్తో నోరు మూసుకున్నాను. వరండాలో నువ్వు నా ముందునుంచే నడిచి వెళ్ళావు, నన్ను చూడలేదు. పిలిస్తే కెమెరాలన్నీ నా మీదికి తిరుగుతాయని పిలవలేదు. నీ వీపు చూశాను. చిన్నప్పుడు స్నానం చేయించి తుడిచిన వీపే.

నీ పేరు వెనక్కి తీసుకున్నారని రేడియో చెప్పింది. మాంసం కొట్టు విన్సెంట్, "పాపం అగాతా, అబ్బాయి పదవి పోయిందటగా" అన్నాడు. "పోయింది, పోయింది" అన్నాను, పెళ్ళికి పిలిచినట్టు. మనిషి బిత్తరపోయాడు. విచారణలు, కోర్టులు ఉంటాయంటున్నారు. ఉండనీ. అడిగినవాళ్ళందరికీ ఇలాగే చెప్పు. శాన్ తెల్మో తల్లులకి మనం పిల్లల్ని తెచ్చి ఇవ్వలేం. వాళ్ళు లేనేలేరని మాత్రం ఇక ఎవరూ అనలేరు. అది చిన్నదే. ఆ చిన్నది కూడా పదిహేనేళ్ళ కింద చెయ్యలేకపోయాను నేను.

నువ్వు నాలుగు రోజులుగా కాఫీ తప్ప ఏమీ ముట్టట్లేదని కాన్‌స్టెన్స్ చెప్పింది. అలా చెయ్యకు. వేళకి తిను నాన్నా, కడుపునిండా తిను.

నీ అమ్మ,
అగాతా