విషయం: పారిజాతాల గురించి

ఆదోని
వైశాఖ శుద్ధ సప్తమి, గురువారం

శ్రీ గురుభ్యో నమః

పూజ్యులైన యజమానులకు తారాబాయి నమస్కరించి రాస్తున్నది. మంత్రాలయ గురురాయల దయవల్ల ఇక్కడ నేనూ, ఇల్లూ, పెరట్లో తులసికోటా చల్లగానే ఉన్నాం. కుంభకోణం ఎండలకు మీరూ తట్టుకుంటున్నారని తలుస్తాను. మీ ఉత్తరం, మంత్రాక్షతలు సోమవారం అందాయి. అక్షతలు కళ్ళకద్దుకుని తలమీద వేసుకున్నాను.

మీరు అడిగినవాటికి మీ వరుసలోనే జవాబు రాస్తాను. కొళాయి నీళ్ళు రోజు మార్చి రోజు వస్తున్నాయి, నాకొక్కదానికి చాలు. అబ్బాయి గురుదత్ హుబ్బళ్ళిలోనే ఉన్నాడు, బదిలీ ఆగిపోయిందని ఫోను చేశాడు, గొంతులో సంతోషం వినపడింది. నా మోకాలి నొప్పి మెట్లెక్కేటప్పుడే, మిగతా వేళల్లో దాని జోలికి నేను పోను, నా జోలికి అది రాదు.

ఆఖరి సంగతి మిగిలింది. ఈ శ్రావణానికి మీకు అరవై నిండుతాయి. మఠం ఆఫీసులో మేనేజరుగా ఇంకో మూడేళ్ళు ఉండమని పెద్దలు అడుగుతున్నారని, ఇంట్లో సరేనంటే ఒప్పుకుంటానని, పౌర్ణమి లోపల చెప్పమని రాశారు. ఎప్పటిలాగే పైన ‘విషయం: సేవాకాలం పొడిగింపు, కుటుంబ సమ్మతి గురించి’ అని గీత గీసి మరీ రాశారు. దీనికి జవాబు చివర ఉంది. తొందరపడి కిందికి చూడకండి. దయచేసి నెమ్మదిగా చదువుకుంటూ రండి.

ఫోనులోనే చెప్పవచ్చు కదా అంటారేమో. ఫోనులో మీకు నా మాట సరిగా వినపడదు. వినపడకపోయినా ‘ఆఁ, సరే సరే’ అంటారు. ఈ మాటకు మీరు అలా సరే అనకూడదు.

ఈ మధ్య నా సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో మీకు రాయలేదు. పక్కింటి రసూల్ సాబ్ కూతురు సైమా ఎమ్మిగనూరు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది కదా. ఉగాదికి ముందు ఆ దారిలోనే స్కూటరు జారి కుడి చేయి విరిగింది. చేతికి కట్టు, మెడకు గుడ్డ. పరీక్షలకు పిల్లలకు తెలుగులో పాఠాలు రాసివ్వాలి. ఒకరోజు కాగితాల కట్ట చంకలో పెట్టుకుని వచ్చింది.

“అత్తా, నీ రాత ముత్యాలు పేర్చినట్ల ఉంటాది. నేను చెప్తా పోతాను, నువ్వు రాస్తా పో. ఊరికే వద్దులే, కాఫీ కూడా నువ్వే ఇయ్యి.”

“ఏం పాఠమే అది?” అన్నాను.

“అమెరికా దేశాన్ని నిలబెట్టినోళ్ళ ఉత్తరాలత్తా. వాళ్ళ ఆఫీసు ఉత్తరాలు, ఇంటి ఉత్తరాలు, రెండూ.”

“ఒకరింటి ఉత్తరాలు మనం చదివితే పాపం కాదా పాపా?”

“రెండునూర్ల ఏండ్లు దాటినాక పాపం పోతాదిలే,” అని నవ్వి చాప పరుచుకుంది.

అప్పటి నుంచి దీపం పెట్టేదాకా మా ఇద్దరికీ అదే పని. ఆమె ఇంగ్లీషు కాగితం చూసి తెలుగులో చెబుతుంది, నేను రాస్తాను. వీధిలో ఈ పంట చివరి దూది పింజలు ఎగురుతుంటాయి. జిన్నింగు మిల్లులు మూసే కాలం కదా, మిగిలినదంతా గాలికి వస్తుంది. రాస్తూ రాస్తూ తలెత్తితే మన వీధి నాకు నీళ్ళలా కనిపించేది. తెల్లటి నురుగు మీద ఏదో ఓడ మన గడప దాకా వచ్చి ఆగినట్టు ఉండేది. నేను సముద్రం చూడలేదు కదా, నా సముద్రం దూదితోనే ఉంటుంది.

ఆ పెద్దలు ఒకే కలంతో పొద్దున మందుగుండు గురించి, సైన్యం జీతాల గురించి రాసేవాళ్ళట. సాయంత్రం అదే కలంతో ఇంటికి, పిల్లలకు ఏం చదువు చెప్పాలో రాసేవాళ్ళట. తమలో తాము పోట్లాడుకున్నారు కూడా. “ఎలెక్షన్లప్పుడు మన కైరుప్పల పండగలో పిడకలు విసురుకున్నట్ల పత్రికల్లో కొట్టుకున్నారత్తా, ముసలోళ్ళయినాక మళ్ళీ ఉత్తరాలు రాసుకున్నారు,” అంది సైమా. కిట్టనివాడికి రాసినా కింద ‘మీ విధేయ సేవకుడు’ అనే సంతకం పెట్టేవాళ్ళట. అది రాస్తూ నా కలం ఆగింది. పెళ్ళయినప్పటి నుంచి నేను మీకు ‘మీ విధేయురాలు’ అనే కదా రాస్తున్నాను. అది మనసులో నుంచి వచ్చిన మాటో, కాగితం అడుగున వేయాల్సిన గీతో నాకే తెలియలేదు.

వాళ్ళలో జాన్ ఆడమ్స్ అనే ఆయన కథ నన్ను పట్టుకుంది. ఆయన ఏళ్ళ తరబడి దేశం పని మీద ఇంటికి దూరంగా ఉన్నాడు, మొదట వేరే ఊర్లో, తర్వాత సముద్రం అవతల. భార్య అబిగెయిల్ పొలమూ పిల్లలూ చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయింది. ఆమె ఉత్తరం మొదట్లో ఆయనను ‘మిత్రమా’ అని పిలిచేదట. భార్య భర్తను! నేను రాయడం ఆపి రెండోసారి చెప్పించుకున్నాను.

రసూల్ సాబ్ అన్న అంగడి నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని వింటుంటాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

“ఆ దొరకి ఇంటికి పోయేదానికి ఏం రోగమంట?”

“సముద్రం అడ్డం అబ్బా. ఓడ మీద నెలలు పడతాది,” అని తండ్రికి చెప్పింది సైమా.

“సరే, ఆయనకి సముద్రం అడ్డం. మరి మా బావకి ఏం అడ్డం చెల్లెమ్మా? కుంభకోణం నుంచి మద్రాసు మీద రైల్లోనే రావొచ్చు గదా!”

“అబ్బా, నువ్వు లోపలికి పో. చాయ్ చల్లారిపోతాంది,” అని కూతురు కసిరింది. నేను వినపడనట్టు రాసుకుంటూ పోయాను. ఆ కాగితం మీద పెద్ద సిరాచుక్క పడింది. మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది.

తర్వాత సైమా ఒక సంగతి చెప్పింది. యుద్ధం మొదలైన కొత్తల్లో ఆయన ఇంటికి రాసిన ఉత్తరం పడవలో పోతుండగా శత్రువుల చేతికి చిక్కింది. వాళ్ళు దాన్ని పత్రికలో అచ్చువేసి అందరిచేతా నవ్వించారు. ఆ తర్వాత ఆయన ఇంటికి రాసేటప్పుడు చేయి బిగబట్టుకున్నాడు. ఉత్తరాలు దారిలో ఎవరైనా పట్టుకుంటారని ముక్తసరిగా, చల్లగా రాసేవాడు. ఆమెకేమో ఆయన మనసే చల్లబడిందేమోనని బాధ. దాచి చెప్పాల్సినవాటికి వాళ్ళకు వేరే గుర్తుల రాత కూడా ఉండేదట.

ఆ పూట నేను ఇక రాయలేకపోయాను. “తల నొస్తాందమ్మా, రేపు రా,” అని పంపేశాను.

మీకు గుర్తుందో లేదో. మన పెళ్ళయిన మొదటి ఏడు, మీరు కుంభకోణం చేరిన కొత్త. అత్తగారికి కళ్ళు మసక. మీ ఉత్తరం వస్తే నడిమింట్లో అందరినీ కూర్చోబెట్టి నా చేత గట్టిగా చదివించేది. అప్పుడు వచ్చిన ఒక ఉత్తరంలో వానల గురించి, మఠం భోజనం గురించి రాసి, చివర ఒక మాట రాశారు. ఆఫీసు కిటికీ పక్కన పారిజాతం చెట్టు ఉందనీ, అది రాలినప్పుడల్లా నేను గుర్తుకు వస్తున్నాననీ. నేను అక్కడ ఆగిపోయాను.

“ఏమే నిలిపినావు? నోట్లో ఏమన్నా పడినాదా? సదువు, అందరూ కూసుండారు,” అంది అత్తగారు.

చదివాను. గట్టిగానే చదివాను. నడిమిల్లంతా నవ్వింది. మీ పిన్నమ్మ అయితే నెలంతా నన్ను ‘పారిజాతమ్మా, నీళ్ళు తీసుకురా’ అనే పిలిచింది. మీరు సెలవుకు వచ్చినప్పుడు మిమ్మల్నీ వదలలేదు. మీరు నవ్వి ఊరుకున్నారు. కానీ ఆ తర్వాత వచ్చిన ఉత్తరం మీదే మొదటిసారి ‘విషయం’, ‘సూచిక’ అని ఉన్నాయి. అప్పటి నుంచి ఇప్పటిదాకా అంతే. ఇంటి క్షేమం గురించి. బియ్యం గురించి. గురుదత్ నామకరణం గురించి. ఆఫీసులో పని ఎక్కువై అలవాటు పడ్డారనుకున్నాను. ఒక్కోసారి, మీ మనసు కూడా ఫైలులాగా మారిపోయిందేమో అని కూడా అనుకున్నాను. గురురాయలు నన్ను క్షమించాలి.

ఇప్పుడు మీకు ఇంతవరకు చెప్పని మాట చెబుతాను.

మీ ప్రతి ఉత్తరంలో మంత్రాక్షతల పొట్లం పక్కన ఎండిన పారిజాతం ఒకటి ఉంటుంది. అక్షతలు పంచేటప్పుడు అత్తగారు “ఏందో కసువు పడినాది,” అని దాన్ని ఊదేసేది. నేను వంగి తీసుకునేదాన్ని. ఎందుకో తెలుసా? మఠంలో స్వామి సమాధి బృందావనం మీది నిర్మాల్యం అనుకున్నాను. అక్షతలతో వచ్చిన పువ్వు దేవుడిది కాక ఇంకెవరిది అవుతుంది? కళ్ళకద్దుకునేదాన్ని, పూజగదిలో ఒక పూట పెట్టేదాన్ని, తొక్కుడు పడకూడదని తులసికోటలో వేసేదాన్ని. అత్తగారు పోయిన తర్వాత కూడా అదే మడి, అదే భక్తి. ఒక్క పువ్వైనా తలలో పెట్టుకోలేదు. ఒక్కటీ దాచుకోలేదు.

సైమాను పంపేసిన సాయంత్రం మీ ఉత్తరం మళ్ళీ తీశాను. అందులోనూ పువ్వు ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని నెలలు లెక్కపెట్టాను. ఇది వైశాఖం. పారిజాతం వానలకు మొదలై కార్తీకంతో అయిపోతుంది. నిర్మాల్యం అయితే ఏ రోజు పువ్వు ఆ రోజుదే ఉంటుంది. ఈ ఎండల్లో పారిజాతం రావాలంటే ఎవరో కార్తీకంలోనే ఏరి, ఎండబెట్టి, దాచి ఉండాలి. ఎండాకాలం ఉత్తరాలకు కూడా సరిపోయేలా లెక్క చూసుకుని దాచి ఉండాలి. దేవుడికి అంత అవసరం ఏముంది చెప్పండి!

అవి నాకు పంపినవేనా? మీరు నాకు పంపినవన్నీ నేను దేవుడికి ఇచ్చేశానా? ఇన్నేళ్ళూ మీరు ఒకే మాట రాస్తూ ఉంటే నేను దాన్ని మట్టిలో వేస్తూ ఉన్నానా? తలచుకుంటే నవ్వు వస్తుంది, నవ్వుతూ ఉంటే కళ్ళ నిండా నీళ్ళు వస్తున్నాయి. ఒకవేళ నేను పొరబడి ఉంటే, అది కిటికీలో నుంచి గాలికి వచ్చి పడినదే అయితే, ఆ మాట కూడా రాయండి. ఈ వయసులో సిగ్గుపడటానికి నాకేం భయం లేదు. తెలియకుండా ఉండిపోవడమే భయం.

ఇంకొకటి కూడా చెప్పాలి. మీ సమ్మతి కాగితానికి జవాబు నేను మంగళవారమే రాశాను. ‘తమ ఇష్టమే నా ఇష్టం’ అని ఒక్క వాక్యం, కింద ‘మీ విధేయురాలు’. కవరు అంటించి పోస్టుడబ్బా దాకా వెళ్ళాను. చేయి లోపలికి పెట్టాను కానీ వేళ్ళు వదల్లేదు. ఆ వాక్యం అబద్ధం. మీరు పోయిన ప్రతిసారీ అదే అబద్ధం చెప్పాను. అత్తగారి ముందు గట్టిగా చదవడానికి పనికొచ్చే వాక్యం అది. కవరు వెనక్కి తెచ్చేసుకున్నాను.

ఇప్పుడు నడిమింట్లో ఎవరూ లేరు. మన పడవను పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. అయినా మనిద్దరం ఇంకా భయపడుతూనే రాసుకుంటున్నాం.

కాబట్టి మీ పద్ధతిలోనే జవాబు:

విషయం: సేవాకాలం పొడిగింపు. సూచిక: మీ ఉత్తరం. కుటుంబ సమ్మతి లేదు.

స్వామి సేవను కాదనడం లేదు. నాకు అంత ధైర్యమూ లేదు, అంత పాపమూ వద్దు. మంత్రాలయం ఇక్కడికి బస్సు దూరం. సేవ చేసేవాళ్ళకు అక్కడ చోటు లేకపోదు. శ్రావణంలో మీరు రావాలి, వస్తే మళ్ళీ పోకూడదు. లేదు, ఆ చెట్టును వదిలి రాలేనంటారా, ఆ మాటైనా తిన్నగా రాయండి. ఆ అబిగెయిలమ్మ ఏళ్ళు చూసి చూసి ఆఖరికి తానే ఓడ ఎక్కింది. ఆదోని స్టేషనులో రాత్రి మద్రాసు రైలు ఆగుతుంది. నా మోకాలు మెట్లకే నొస్తుంది, రైలుకు కాదు.

కవరు మీద ఇన్నేళ్ళూ ‘మేనేజరు గారికి’ అనే రాశాను. పేరు పలికినా రాసినా మీ ఆయుష్షుకు మంచిది కాదని అత్తగారు చెప్పింది. ఈ పొద్దు స్నానం చేసి, రాయల పటం ముందు కూర్చుని, మీ ఆయుష్షు ఆయనకే అప్పజెప్పి, శ్రీపాదరావు గారికి అని రాశాను. నా రాతలో మీ పేరు ఎలా ఉంటుందో ఇప్పుడే చూశాను. బాగుంది.

లోపల ఒక తులసిదళం పెట్టాను. ఆడవాళ్ళం కోయం కదా, తనంతట రాలినదే. మీ పువ్వులన్నీ తిని పెరిగిన చెట్టుది. ఇది ప్రసాదం కాదు. కళ్ళకద్దుకుని పూజగదిలో పెట్టకండి. ఇది మీకు.

ఇట్లు
మీ ఇల్లాలు, మీ స్నేహితురాలు
తార