బల్ల పాలిష్

మామయ్యగారికి,

మీ కారుతోపాటే ఈ ఉత్తరం మీ ఆఫీసుకు పంపుతున్నాను. బానెట్‌కి మూడుసార్లు రంగు కొడితే మూడుసార్లూ మశూచి మచ్చల్లా గుంటలు పడ్డాయి. కల్తీ రంగు ఇచ్చావని కొట్టువాడితో తగువు పెట్టుకున్నాను. మీరేమో "అల్లుడికి పని రాదు" అని బంధువులందరికీ చాటారు. నిన్న డిక్కీలో, మీరు కారు తుడిచే గుడ్డలో చుట్టి, చెక్కసామాన్ల పాలిష్ డబ్బా దొరికింది! ఆ జిడ్డు పట్టిన రేకు మీద ఏ రంగు నిలుస్తుందండీ?

అంతా గీకి, కడిగి, నాలుగోసారి కొట్టాను. అద్దంలా ఉంది. దయచేసి ముట్టుకోకండి.

డబ్బా అత్తయ్యగారికి ఇచ్చేశాను. భోజనాల బల్లకని తెచ్చుకున్నది ఏ దొంగ ఎత్తుకెళ్లాడా అని ఆవిడ ఏడాదిగా తల బద్దలు కొట్టుకుంటున్నారట. ఇంటి దగ్గర మీ కోసమే ఎదురుచూస్తున్నారు.

పని రాని మీ అల్లుడు