ఎర్ర గిలక్కాయలు అమ్మొద్దు

లిబ్రాడో తమ్ముడూ,

నీ కూతురు చోలెని తీసుకుని త్లాపా ఆసుపత్రికి పోతున్నాను. రెండు రోజులుగా పిల్ల కడుపు పట్టుకుని ఏడుస్తోంది, పొద్దున తిన్నదంతా కక్కేసింది. అది చీకీ చీకీ గుర్రబ్బొమ్మ మూతి మీద రంగంతా ఊడిపోయింది. నర్సమ్మకు చూపిస్తే, "ఇది తలుపులకేసే రంగు కదమ్మా! సీసం ఉండొచ్చు, వెంటనే రక్తపరీక్ష చేయించు" అంది.

ఆ ఎర్ర రంగు వేసిన మన గిలక్కాయలు ఒక్కటి కూడా ఆదివారం సంతకు తీసుకెళ్లకు. పక్కింటి సబీనా కొడుకు చేతిలో ఉన్నది కూడా ఇప్పుడే వెనక్కి తీసుకో. గీకొద్దు, పొయ్యిలో పెట్టొద్దు, ఆ పొడీ పొగా కూడా విషమేనట. అన్నీ గోనెసంచిలో కట్టి అటకెక్కించు. ఇకనుంచి అమ్మ చేసినట్టే చియా గింజల నూనెలో కలిపిన మట్టి రంగులే వాడదాం. ఆరడానికి వారాలు పడితే పడనీ. "నీది చాదస్తం అక్కా, ఇది పూటలో ఆరిపోతుంది" అని ఆ రంగు డబ్బా కొన్నది నువ్వే. ఇప్పుడు తిట్టే ఓపిక కూడా లేదు. రొట్టెలు గుడ్డలో చుట్టిపెట్టాను, తిను.

యూఫ్రోసినా అక్క

నిన్నొక్కణ్నే అనడం అన్యాయం. డబ్బా అడుగున మిగిలింది గుర్రానికి పూసింది నేనే. రేపు మొదటి బస్సుకు నువ్వూ వచ్చెయ్. డాక్టరు చెప్పేది నేనొక్కదాన్నే వినలేను.