అవ్వ ముట్టించే దీపం

బోధన్, 1974
కార్తీక సోమవారం, రాత్రి

హైదరాబాద్‌ల ముసలోళ్ల బాగోగుల మీద పెద్ద చదువు చదువుతున్న చెల్లె సరోజ ఇయ్యాల వచ్చింది. నేను అవ్వకు బువ్వ తినిపిస్తుంటే చూసి, "అక్కా, అవ్వ చేతులు మంచిగనే ఉన్నయి. నువ్వే వాటిని కూసోబెట్టినవ్" అన్నది.

అవ్వ వెంటనే అందుకున్నది. "గట్ల అడుగు బిడ్డా! కార్తీకంల గూడ నన్ను దీపం ముట్టియ్యనిస్తలేదు. రేపు పొద్దుగాల నేనే ముట్టిస్త."

ఆ చేతులు వణుకుతయి. పోయినేడు దీపం తగిలి కొంగు అంటుకున్నది. ఆ మాటే సరోజకు చెప్పిన.

"అవ్వ కొంగు ఆమె నడుముకు చెక్కి, నువ్వు పక్కన నిలబడు. చెయ్యి మాత్రం పట్టకు."

నేను చేసేది సేవే అనుకున్న. అవ్వకు అది ఎట్లున్నదో అడగనే లేదు...

రోజూ దాచే అగ్గిపెట్టెను దేవుని గూట్లె పెట్టి పండుకున్న. మనసు ఆగలే. మళ్ల లేచి, పక్కనే బిందెడు నీళ్లు గూడ పెట్టొచ్చిన.

స్వామీ, రేపు నా చేతులను ఆపు.