ఎడమ చైను ముందు నిమ్మకాయ

17 ఏప్రిల్ 1993, శనివారం. రేపల్లె.

తల్చుకుంటే ఇంకా నవ్వొస్తోంది. రొయ్యల చెరువులు తవ్వడానికి నేనూ, వెంకటేశ్వర్లు బావా కలిసి కొందామనుకున్న పాత చైన్ల ట్రాక్టరును చూడటానికి పొన్నూరు వెళ్లాం. కొత్త రంగుతో మెరుస్తోంది. ఓనరు నాయుడుగారు చదును నేల మీద అటూ ఇటూ తిప్పి చూపించారు. వంక పెట్టడానికేమీ కనపడలేదు.

"ఆ గట్టు ఎక్కించండి, చూద్దాం" అన్నాను.

ఈలోగా బావ జేబులోంచి రెండు నిమ్మకాయలు తీసి, చైన్లు ఎక్కేచోట గట్టు వాలు మీద పెట్టాడు. చర్చికి వెళ్లే మా ఇంట్లో ఆ అలవాటు లేదు.

"బేరమే కాలేదు, అప్పుడే నిమ్మకాయలు తొక్కిస్తావేంటి బావా?" అని ఎగతాళి చేశాను.

"మంచి బండి జాకోబూ, మనదే అయిపోద్ది" అన్నాడు.

బండి గట్టును తాకింది. కుడి చైను తన నిమ్మకాయను నలిపేసి పైకి పాకింది. ఎడమ చైను నిలబడిపోయింది. బండి మొత్తం ఎడమకి తిరిగింది. అటువైపు నిమ్మకాయ చెక్కు చెదరలేదు. ఒక్కో చైనుకి ఒక్కో క్లచ్ ఉంటుంది; బరువు పడగానే ఎడమది జారిపోతోందన్నమాట. అడుగున బిరడా విప్పితే, పొడిగా ఉండాల్సిన ఆ క్లచ్ గదిలోంచి ఆయిలు కారింది.

"కొబ్బరికాయ కూడా కొట్టాల్సిందండీ" అన్నారు నాయుడుగారు, ఏమాత్రం తొణక్కుండా.

వానలు పడేలోగా బండి దొరక్కపోతే చెరువుల పని ఏమవుతుందో... రేపు చర్చి అయ్యాక భట్టిప్రోలులో ఇంకోటి చూడాలి. ఇందాక బావ ఇంటికి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వెళ్లి నేనే చెప్పాను, "నిమ్మకాయలు మర్చిపోకు."